నా గొంతులో ఇంకెవరో

జూన్ 3

పొద్దున్నే మేడెక్కి సౌరపలకల మీద పేరుకున్న ఉప్పు గీకాను. నిన్నటి గాలికి గోరు మందాన కట్టింది. గీకకపోతే పదింటికల్లా ఆఫీసులో ఫ్యాను ఆగిపోతుంది. నిజానికి ఈ పని నా సహాయకుడు భానోజీది. వారం రోజులుగా ఆలస్యంగా వస్తున్నాడు. అడిగితే ట్రాము తప్పిపోయిందంటాడు. సముద్రపు గట్టు మీద ట్రాము పది నిమిషాలకొకటి తిరుగుతుంది.

తొమ్మిదింటికి తలుపు తీసేసరికి మెట్ల మీద అసిరినాయుడు కూర్చుని ఉన్నాడు. యాభై నాలుగేళ్ల మనిషి. మూడో గట్టు లాకుల మీద ముప్పై ఏళ్లు పనిచేశాడు. సముద్రం పోటెత్తితే లాకు తలుపులు దించడం, పాటు తీస్తే ఎత్తడం అతని పని. రెండో గట్టు తెగి ఊళ్లు మునిగిన ఏడాది పదహారు గంటలు చక్రం వదలకుండా నిలబడ్డది ఇతనే. మొన్న మార్చిలో లాకులకు కొత్త యంత్రాలు బిగించారు. ఇప్పుడవి వాటంతటవే మూసుకుంటాయి, తెరుచుకుంటాయి. అసిరినాయుడు, అతనితో పనిచేసిన ముప్పై మంది ఇంటిదారి పట్టారు.

చొక్కా లోపలి జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

“ఓ ముద్రెయ్యండమ్మా. పదిహేనో తారీకున పడవ. మా ముప్పై ఒక్క మందికీ వొచ్చినాది.”

నా పని అదే. తెర మీద కనిపించే ముఖాన్నీ ఫోన్లో వినిపించే గొంతునూ ఎవరైనా తయారుచేసుకోగలిగే రోజులివి. అందుకే సముద్రం మీది ఉద్యోగానికి వెళ్లే ప్రతి ఒక్కరూ ఆఫర్ కాగితాన్ని చేత్తో పట్టుకుని మా ఉద్యోగార్థుల రక్షణ కేంద్రానికి రావాలి. నేను ఆరా తీసి, నిజమని తేలితే పచ్చ సిరాతో ముద్ర వేస్తాను. ఆ ముద్ర లేనిదే సర్కారు రేవులో పడవ ఎక్కనివ్వరు. ఈ డైరీ కూడా చేత్తోనే రాయాలి.

కాగితం చదివాను. మరీచి జలసేద్యం అనే కంపెనీ. తీరానికి నూట ఎనభై కిలోమీటర్ల అవతల సముద్రపు నాచు పెంచుతారట. సముద్రంలో స్తంభాల మీద నిలిపిన నీటిమేడల మీద వాల్వులు చూసుకునే పని. ముందుగా రుసుము అడగలేదు. సర్టిఫికెట్లు ఇచ్చేయమనలేదు. తిరుగు ప్రయాణం వాళ్లదే. మోసాన్ని ఎలా గుర్తుపట్టాలో మేం జనానికి చెప్పే పది జాగ్రత్తల్లో ఒక్కదానికీ ఈ కాగితం దొరకలేదు. ఆ పది జాగ్రత్తలూ ముందు పెట్టుకుని రాసినట్టుంది.

“ఏటమ్మా అంతలా సూస్తన్నారు? తప్పేటైనా ఉందా?”

“తప్పేమీ లేదు నాయుడుగారూ.”

“మరింకేటి?”

“అదే చూస్తున్నాను. రెండు రోజులు ఆగండి.”

ఆగుతానన్నాడు గాని మొహం ముడుచుకుంది. మధ్యలో వచ్చిన భానోజీ ఆ మాటలన్నీ వింటూ కూడా తన బల్ల దగ్గర తల ఎత్తలేదు.

జూన్ 5

కంపెనీ రిజిస్టర్లో పేరుంది. చిరునామా ఉంది. ఫోన్ చేస్తే ఒక ఆడమనిషి మర్యాదగా మాట్లాడింది. నా సమక్షంలో మరోసారి ఇంటర్వ్యూ జరపమని అడిగాను. పది నిమిషాల్లో ఒప్పుకుంది.

పదిహేనేళ్లుగా ఈ కుర్చీలో ఉన్నాను. నిజమైన కంపెనీ ఏదీ పది నిమిషాల్లో ఒప్పుకోలేదు. మా పైవాళ్లని అడగాలంటారు, రేపు రమ్మంటారు, విసుక్కుంటారు.

మధ్యాహ్నం మంచినీళ్ల వరసలో నిలబడి ఈ సంగతి భానోజీకి చెప్పాను. “మంచి కంపెనీలు కూడా ఉంటాయి కదా మేడమ్. అందరినీ అనుమానిస్తే ఎలా?” అన్నాడు. ఎనిమిదేళ్లుగా కలిసి పనిచేస్తున్నాం. ఇలాంటి మాట అతని నోట ఎప్పుడూ వినలేదు.

జూన్ 6

ఇంటర్వ్యూ జరిగింది. అసిరినాయుడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల నున్నగా దువ్వుకుని వచ్చాడు. తెర మీద కనిపించిన అమ్మాయి తన పేరు వసుధ అంది. లాకుల పని గురించి ఇరవై నిమిషాలు చక్కగా అడిగింది. తలుపు బిగుసుకుపోతే ఏం చేస్తారు, అమావాస్య పోటుకి ఎంతసేపు ముందు దించుతారు అంటూ. అసిరినాయుడు మొహంలో వెలుగొచ్చింది. మార్చి తర్వాత అతన్ని ఇవన్నీ అడిగినవాళ్లు లేరు కాబోలు.

తర్వాత గొంతు మెత్తబరిచి, “మీతో వారానికి ఒకసారైనా మాట్లాడేవాళ్లు ఎంతమంది ఉన్నారండీ?” అని అడిగింది.

“మా ఆడది పోయి ఐదేళ్లయినాది. కూతురు ఎగువన కొండల్లో ఉంటాది. నెలకోపాలి మాటాడతాది.”

“మీరు రెండు నెలలు ఫోన్ చేయలేకపోతే, ముందుగా ఎవరు కంగారు పడతారు?”

అసిరినాయుడు ఆలోచించాడు. “నాతో ఉన్నోళ్లే. ఆళ్లూ నాతోనే వొత్తన్నారు గదా” అని నవ్వాడు.

నేను మధ్యలో కల్పించుకున్నాను. “ఈ ప్రశ్న దేనికండీ?”

“ప్రమాదం జరిగితే కబురు చేయడానికి మేడమ్” అంది తడుముకోకుండా.

“నీటిమేడ ఉన్న చోటు కాగితం మీద రాసి పంపండి. ఆ తర్వాత ముద్ర వేస్తాను.”

“తప్పకుండా మేడమ్. సోమవారానికి పంపుతాం.”

ప్రతి ప్రశ్నకూ మంచి జవాబే చెప్పింది. బయటికి వచ్చాక అసిరినాయుడు, “ఆ పిల్ల ఎంత మరియాదగా మాటాడినాదమ్మా! మీరే దొంగని అడిగినట్టు అడిగినారు” అన్నాడు.

జూన్ 9

సోమవారం గడిచింది. కాగితం రాలేదు. విచిత్రమేమిటంటే ముద్ర కోసం ఎవరూ రాలేదు. ముప్పై ఒక్క మందికి ఉద్యోగాలొచ్చాయి, పడవకు ఆరు రోజులే ఉంది, ఒక్కడైనా వచ్చి నా మీద అరవాలి కదా.

సాయంత్రం లాకుల వీధిలో టీ కొట్టు దగ్గర ఆగాను. కొట్టు నడిపే అప్పాయమ్మ గ్లాసు చేతికిస్తూ, “పోన్లెండమ్మా, మావోళ్లకి మీరు మంచి చేసినారు” అంది.

“నేనేం చేశాను?”

ఆమె కన్ను గీటింది. “నాకెందుకు సెప్తారు! రగస్యం అన్నారంట గదా. నానెవుల్తోనూ అన్ను.”

ఎంత అడిగినా ఇంకేమీ చెప్పలేదు. నా పేరు మీద ఎవరో మాటిచ్చారు. బహుశా ముద్ర కూడా వేసి ఉంటారు. ముద్ర ఉన్న పెట్టెకు రెండు తాళంచెవులున్నాయి. ఒకటి నా దగ్గర, రెండోది భానోజీ దగ్గర.

జూన్ 10

చేయకూడని పని చేశాను. రాయాలి కాబట్టి రాస్తున్నాను.

మధ్యాహ్నం పోటు సైరన్ మోగింది. ఇసుక బస్తాలు సరిచూడటానికి భానోజీ కిందికి వెళ్లాడు. అతని బల్ల సొరుగు తీశాను. అడుగున, పాత దినపత్రిక కింద, మరీచి జలసేద్యం కాగితం దొరికింది.

అతను పైకి వచ్చేసరికి ఆ కాగితం నా చేతిలోనే ఉంది.

“ఎంతమందికి ముద్ర వేశావు భానోజీ?”

అతను తెల్లబోయాడు. “ముద్రేమిటి మేడమ్?”

“అబద్ధమాడకు. వీళ్లతో ఎప్పటినుంచి కలిశావు? ఆ ముప్పై ఒక్క మంది నీకేం ద్రోహం చేశారు?”

“పేరు చూడండి మేడమ్” అన్నాడు మెల్లగా.

కాగితం మీద ఉన్న పేరు అతనిదే. ఖాతాల గుమాస్తా ఉద్యోగం. అది లంచం పంచుకున్న కాగితం కాదు, అతనికొచ్చిన ఆఫర్.

“ఈ ఆఫీసుని ఏడాదిలో మూసేస్తారని అందరూ అంటున్నారు. వెతుక్కోవద్దా నేను? రోజూ పొద్దున పని కోసమే తిరిగి ఆలస్యంగా వస్తున్నాను. మీ ఎదురుగా ముద్ర కోసం నిలబడటానికి సిగ్గేసింది. అందుకే ఇంటి నుంచి మీకు ఫోన్ చేశాను.” కళ్లలో నీళ్లు తిరిగాయి. “మీరేగా వెళ్లమన్నారు? మంచి కంపెనీ, నేను పూచీ, ఆఫీసులో మాత్రం ఈ మాట ఎత్తకు అన్నారు. నా పరువు కాపాడుతున్నారనుకున్నాను. ఇప్పుడు దొంగనంటున్నారు!”

నేను అతనికి ఎప్పుడూ అలా చెప్పలేదు. ఆ మాటే అన్నాను. ఒకే సమయానికి ఇద్దరికీ అర్థమైంది.

“ఏ నంబరుకి చేశావు?”

“మీ సొంత నంబరు నాకెప్పుడూ ఇవ్వలేదుగా, ఇందులో ఉన్నదానికే” అంటూ కాగితం వెనక్కి తిప్పి చూపించాడు. అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: ‘సందేహ నివృత్తికి పరిశీలనాధికారి శ్రీమతి హైమావతి గారి సొంత నంబరు.’ అసిరినాయుడు కాగితానికి వెనకవైపు నేను చూడనే లేదు.

ఆ నంబరు నాది కాదు.

జూన్ 11

పొద్దున భానోజీ ఫోన్ నుంచి ఆ నంబరుకి చేశాం. రెండో రింగుకే ఎత్తారు.

“నమస్కారం, హైమావతిని. చెప్పండి.”

నా గొంతు. జలుబు చేసినట్టు ‘మ’ దగ్గర కొంచెం పట్టేసే నా గొంతే. మారుగొంతులు నాకు కొత్త కాదు, వాటిని పట్టుకోవడమే నా పని. కానీ నా గొంతు నన్నే ‘చెప్పండి’ అంటే ఫోన్ భానోజీ వైపు తోసేశాను. భానోజీ మాట్లాడాడు. పడవ పదిహేనున ఉదయం ఆరింటికి పాత చేపలరేవు నుంచి బయల్దేరుతుందని, సర్కారు రేవుకి పోవద్దని చెప్పింది. “నా మీద పైనుంచి ఒత్తిడి ఉంది. ఎప్పుడైనా ఎదురుపడి వద్దంటే, అది నా మాట కాదని అర్థం చేసుకోండి” అని కూడా చెప్పింది.

నా గొంతు వాళ్లకెలా దొరికిందో కనిపెట్టడానికి ఎంతో సేపు పట్టలేదు. ట్రాముల్లో, నీళ్ల వరసల దగ్గర, సంతల్లో రోజంతా వినిపించే హెచ్చరికలు నేను చదివినవే. ‘అపరిచితుల మాట నమ్మకండి, కేంద్రాన్ని అడిగి తెలుసుకోండి.’ నాలుగేళ్లుగా నమ్మకం కలిగేలా, నెమ్మదిగా, ఒక్కో అక్షరం పలికి ఇచ్చాను.

భానోజీకి క్షమాపణ చెప్పాను. “సొరుగు తీసే ముందు అడిగి ఉండాల్సింది మేడమ్” అన్నాడు. ఆ తర్వాత మేడెక్కి చాలాసేపు ఉప్పు గీకాడు.

జూన్ 13

నిన్నా ఇవాళా లాకుల వీధిలో గుమ్మం గుమ్మం తిరిగాను. సగం తలుపులు తెరుచుకోలేదు. తెరిచినవాళ్లు నా భుజం మీదుగా వీధిలోకి చూశారు, నన్నెవరు పంపారా అని.

అసిరినాయుడు గుమ్మంలోనే నిలబడి మాట్లాడాడు. లోపల సంచీ సర్ది ఉంది.

“నాయుడుగారూ, ఫోన్లో మాట్లాడింది నేను కాదు.”

“ఇలాగంటారనీ మీరే సెప్పినారమ్మా.”

“నేను చెప్పలేదు! నా గొంతు దొంగిలించారు.”

“మరి ఇంటర్వ్యూ మీ ఎదరే గదా అయినాది? అప్పుడొద్దన్నేదే? మీ కష్టం మాకర్థమయినాదిలెండి. ఎవులో బెదిరిత్తన్నారు. మీరు ఇంటికెల్లండమ్మా.”

ఆ మాట జాలిగా అన్నాడు. కోప్పడితే ఇంకా ఏదైనా వాదించి ఉండేదాన్ని.

రేవు పోలీసులకు ఫోన్ చేస్తే, “మీరు హైమావతిగారేనని మాకేమిటి నమ్మకం?” అన్నారు. తప్పు పట్టలేను, ఆ ప్రశ్న అడగమని ఊరంతటికీ నేర్పింది మేమే. చేత్తో రాసి, సంతకం చేసి, పచ్చ ముద్ర వేసిన ఫిర్యాదు పట్టుకుని రేపు భానోజీ సర్కారు రేవుకి వెళ్తాడు. గస్తీ అధికారి సముద్రం నుంచి వచ్చేదాకా అక్కడే కూర్చుంటానన్నాడు. నేను చేపలరేవుకి వెళ్తాను.

జూన్ 15

జరిగినది జరిగినట్టు రాస్తాను.

అయిదున్నరకు చేపలరేవు చేరాను. వెలుగు బాగా వచ్చింది. రేవు వాడకం ఆగిపోయి చాలా ఏళ్లయింది. సిమెంటు మెట్లకు ఆల్చిప్పలు పట్టి ఉన్నాయి. పేరు చెరిపేసిన బూడిదరంగు పడవ కట్టి ఉంది. ఇద్దరు సిబ్బంది. ఏడుగురు అప్పటికే ఎక్కి కూర్చున్నారు. మిగతావాళ్లు సంచులతో మెట్ల మీద ఉన్నారు.

నన్ను చూడగానే గొణుగుడు మొదలైంది. “వొచ్చినాది సూడు.” “సెప్పినట్టే వొచ్చినాది.” ఒకతను దారికి అడ్డంగా నిలబడ్డాడు. “మాకీ పని పోగొడితే మీరెడతారేటి తిండి?”

ఎంత చెప్పినా వినరని మొన్ననే తెలిసిపోయింది. నేరుగా అసిరినాయుడి దగ్గరికి వెళ్లాను.

“నాయుడుగారూ, మిమ్మల్ని ఆపను. ఒక్క పని చేయండి. మీ ఫోన్ తీసి ఆ నంబరుకి చేయండి, అందరికీ వినపడేలా. నేను మీ ఎదురుగా నోరు మూసుకుని నిలబడతాను. ఆ తర్వాత మీ ఇష్టం.”

పడవ నడిపే సరంగు లోపలి నుంచి కేకేశాడు, పాటు తీసేస్తోందని, బేగి ఎక్కమని. అసిరినాయుడు నీళ్లవైపు చూసి, “ఇంకా అరగంటుంది” అన్నాడు తనలో తాను అనుకున్నట్టు. వాళ్లు చెప్పినవాటిలో అబద్ధమని అతను పట్టుకున్న మొదటి మాట సరంగుదే అనుకుంటాను. ఫోన్ తీశాడు.

నేను రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాను.

“హైమావతిని. ఎవరు, నాయుడుగారా? పడవ ఎక్కారా?”

అసిరినాయుడు నా మొహంలోకి చూస్తూ అడిగాడు. “ఇంకా నేదమ్మా. మీరిప్పుడెక్కడున్నారు?”

“ఇంట్లోనే ఉన్నాను. ఆలస్యం చేయకండి, ఎక్కేయండి.”

సాగనంపడానికి వచ్చిన ఎవరో ఆడమనిషి “ఓలమ్మో” అంది. నా దారికి అడ్డం నిలబడ్డవాడు పక్కకు జరిగాడు. అసిరినాయుడు ఫోన్ నా చేతిలో పెట్టాడు.

ఏం మాట్లాడాలో నేను ముందుగా అనుకోలేదు. తిట్టాలనిపించింది. కానీ ‘ఎక్కేయండి’ అన్న మాట చివర, చాలా మందిని రోజూ విన్న చెవికి మాత్రమే తెలిసే అలసట వినిపించింది. యంత్రానికి అలసట ఉండదు.

“నేను అసలు హైమావతిని” అన్నాను. “నువ్వెవరమ్మా?”

ఫోన్ పెట్టేయలేదు.

“నీ పక్కన ఎవరైనా ఉన్నారా?”

చాలాసేపటికి నా గొంతే, గుసగుసగా, నేనెప్పుడూ పలకని యాసలో పలికింది. “కాపలావోడు అటేపెల్లినాడు. ఒక్క నిమిసం. అమ్మా, ఆళ్లని ఎక్కనీకండి. నానూ ఇలాగే వొచ్చినాను.”

“పేరేమిటి?”

“నీలవేణి. వంశధార అవతల మాది. ఎనిమిది నెలలయినాది. ఇక్కడ నాచూ లేదు, ఏటీ లేదు. మూతికి గొంతు మార్సీ మిషను కట్టి ఫోనుల్లో మాటాడిత్తారు. పిలిసినోళ్లు రాకపోతే కూడెట్టరు.” నా గొంతు ఏడుస్తోంది. నా గొంతు ఏడిస్తే ఎలా ఉంటుందో నేను అప్పుడే మొదటిసారి విన్నాను.

“ఎక్కడున్నారమ్మా? ఏం కనిపిస్తోంది?”

“నీటి మీద పాత గేసు బావి మేడ. తుప్పట్టిపోనాది. గోడ మీద తెల్లరంగుతో తొమ్మిదీ నాలుగూ రాసున్నాది. ఉత్తరానికి ఎర్ర దీపం బురుజు...” మాట తెగిపోయింది. మళ్లీ చేస్తే నంబరు పలకలేదు.

సరంగు మోకు కోసేశాడు. ఏడుగురితోనూ పడవ కదిలింది. ఒకతను నీళ్లలోకి దూకాడు. మెట్ల మీదివాళ్లు అతన్ని లాగారు. మిగిలిన ఆరుగురు పడవ అంచు పట్టుకుని అరుస్తున్నారు. మేమూ అరిచాం. అరవడం తప్ప ఏం చేయగలం?

ఏడు దాటాక రేవు అడ్డుగోడ మలుపులో గస్తీ పడవ కనిపించింది. ముందువైపు భానోజీ నిలబడి ఉన్నాడు. ఫిర్యాదు కాగితం ఇంకా చేతిలోనే ఉంది. బూడిదరంగు పడవను గంటలోపే ఆపేశారు. ఆరుగురూ క్షేమం.

జూన్ 17

పాత గ్యాస్ బావులు తీరం పొడవునా అరవైకి పైగా ఉన్నాయట. తొమ్మిది-నాలుగు ఏదో గస్తీవాళ్లు పాత పటాల్లో వెతికి పట్టుకున్నారు. చుట్టూ నీటి సుడులు, నిచ్చెన తుప్పుపట్టి ఉంది, పడవ ఆనించడం కష్టమన్నారు. ఏ గడియలో నీరు నిలకడగా ఉంటుందో లెక్కకట్టేవాడు కావాలి. అసిరినాయుడు తను వస్తానన్నాడు. గస్తీ అధికారి యంత్రం ఉందన్నాడు. “యంత్రం లాకు కాడ ఉంటాది బాబూ. సుడిలో నాను సూత్తాను” అన్నాడు అసిరినాయుడు. తీసుకెళ్లారు.

వెళ్లే ముందు నా దగ్గరికి వచ్చాడు. “మీ మాట నమ్మనేదని మనసులో ఎట్టుకోకండమ్మా.”

“మీ స్థానంలో ఉంటే నేనూ నమ్మేదాన్ని కాదు.”

ఆ మాట నిజం. ఈ రెండు వారాల్లో నేను నమ్మకూడనివాళ్లని వదిలేసి, నమ్మాల్సిన మనిషి సొరుగు వెతికాను.

జూన్ 19

నిన్న సాయంత్రం నీరు నిలకడ పడిన నలభై నిమిషాల్లో మేడ ఎక్కారు. నలభై మూడు మందిని దించారు. కాపలావాళ్లు ఇద్దరు దొరికారు. ముఠా పెద్దలు ముందురోజే ఇంకో పడవలో జారుకున్నారు. పోతూ తొమ్మిది మందిని తమతో తీసుకుపోయారు. ఎక్కడికో ఎవరికీ తెలియదు.

ఇవాళ పదింటికి సర్కారు రేవులో బల్ల వేసుకుని నేనూ భానోజీ కూర్చున్నాం. వచ్చినవాళ్ల పేరూ ఊరూ వాళ్ల నోటితో చెప్పించి చేత్తో రాయాలి. కొందరు తమ పేరు చెప్పడానికి తడబడ్డారు. నెలల తరబడి ఇంకొకరి పేరుతో మాట్లాడినవాళ్లు.

ఇరవయ్యో మనిషో ఇరవై ఒకటో, నా ముందు ఒక ఆడమనిషి నిలబడింది. ముప్పై దాటవు. పొట్టిగా, ఎండిపోయినట్టు ఉంది. బుగ్గల మీద మిషను పట్టీ ఒరుసుకున్న గాట్లు.

“పేరు?”

“నీలవేణి.”

తలెత్తి చూశాను. బొంగురు గొంతు, మగవాళ్ల గొంతంత మందంగా ఉంది. నాకు బొత్తిగా తెలియని గొంతు. నాలుగు రోజులుగా ఆమెను తలచుకున్నప్పుడల్లా నా గొంతే వినిపించింది.

“మీరేనా అమ్మా?” అంది. “మాట అలాగే ఉన్నాది.”

కూర్చోమన్నాను. కూర్చోలేదు.

“మీ గొంతెట్టుకుని ఎంతమందికి అబద్ధాలాడినానో! మీరు తిట్టినా పడతాను.”

“నువ్వు ఆడలేదు. ఆడించారు.”

“ఎల్లినోళ్లకి అదంతా తెలవదు గదమ్మా. ఆళ్లకి మీరే సెప్పినారు.” బల్ల అంచు పట్టుకుంది. “ఆ తీసుకుపోయిన తొమ్మిదిమందిలో నాను పిలిసినోళ్లు నలుగురున్నారు. ఇంకా వేరే మేడలకి పంపేసినోళ్లున్నారు. ఒక్కలి పేరూ మర్సిపోనేదు. కాయితమ్మీద రాత్తే లాక్కుంటారని రోజూ పొద్దున లెగిసి అందరి పేర్లూ వరసగా అనుకునీదాన్ని. ఊరూ, ఇంటిపేరూ, ఏ పని సేసీవోరో కూడా.”

భానోజీ కొత్త పుస్తకం తెరిచి, గీతలు గీసి, నా ముందుకు జరిపాడు. నీలవేణి కళ్లు మూసుకుంది.

మొదటి పేరు చెప్పింది. రాశాను. రెండోది చెప్పింది. వెనక వరసలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చి బల్ల చుట్టూ నిలబడ్డారు. ఎవరూ తొందరపెట్టలేదు. మధ్యాహ్నం అప్పాయమ్మ టీ తెస్తే చల్లారిపోయింది. నా వేళ్లు బిగుసుకుపోతే భానోజీ కలం తీసుకున్నాడు. అతనివి నొప్పెడితే మళ్లీ నేను తీసుకున్నాను.

అరవై నాలుగో పేరు దగ్గర ఆమె గొంతు దాదాపు పోయింది. అసిరినాయుడు నీళ్లు తెచ్చి ఇచ్చాడు. రేపు రాద్దాం, పడుకో అన్నాను.

తల అడ్డంగా ఊపింది. నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, “ఇంకా ఉన్నారమ్మా, రాయండి” అంది.